నార్త్ షోర్ లైన్‌ను సిమ్యులేటర్‌లో నిర్మించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాతకాలపు అమెరికా విద్యుత్ రైలుమార్గాన్ని రైలు సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో రైళ్లు నడిపే ప్రోగ్రాములో, కట్టాలనుకునేవారికి మొదట ఎదురయ్యే సందేహాలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఉదాహరణగా షికాగో, మిల్వాకీ నగరాల మధ్య నడిచిన నార్త్ షోర్ లైన్‌ను తీసుకున్నాను. చెట్లు, ఇళ్లు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు గాని, సంవత్సరం, విద్యుత్తు అనే రెండింటినీ ముందు తేల్చుకోకపోతే తరువాత పట్టాలు పీకి మళ్లీ వేయవలసి వస్తుందన్నది నా అనుభవం.

ఇంటర్అర్బన్ అంటే ఏమిటి? అది ట్రామా, రైలా?

రెండూ అనే చెప్పాలి. ఊళ్లో వీధి మధ్యన ట్రాములాగా నడిచి, ఊరు దాటగానే సొంత కట్టమీద రైలులాగా వేగం అందుకునే విద్యుత్ బండ్ల మార్గాలను అమెరికాలో ఇంటర్అర్బన్‌లు అన్నారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి పదిహేనేళ్లలో ఇవి విరివిగా వెలిశాయి. మోటారు కార్లు, మంచి రోడ్లు వచ్చాక ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఆవిరి ఇంజన్ల మార్గాలకు అలవాటుపడినవారు ఇక్కడ కొన్ని అలవాట్లు మానుకోవాలి. ఈ బండ్లకు ఇంజను వేరుగా ఉండదు, చాలా పెట్టెలకు వాటి కిందనే మోటార్లు ఉంటాయి, మలుపులు విపరీతంగా ఇరుకుగా ఉంటాయి, స్టేషన్ అంటే ఒక్కోచోట రోడ్డు పక్కన చిన్న చెక్కగది మాత్రమే.

అన్ని మార్గాలు ఉండగా నార్త్ షోర్ లైన్‌నే ఎందుకు?

ఒకే మార్గంలో ఇన్ని రకాల రైల్వేలు మరెక్కడా అంత సులభంగా దొరకవు. షికాగో నడిబొడ్డున ఇనుప స్తంభాల మీద సాగే 'ఎల్' మార్గం, శివార్లలో సొంత జోడు పట్టాలు, మధ్యలో పొలాలు, చివరికి మిల్వాకీ వీధులు, అన్నీ దాదాపు 140 కిలోమీటర్లలో వచ్చేస్తాయి. చరిత్ర కూడా ఆసక్తికరమే. 1890లలో వాకీగన్ పట్టణపు ట్రాముగా మొదలైన సంస్థ 1908లో మిల్వాకీ చేరింది. దివాలా తీసిన దానిని 1916లో విద్యుత్ వ్యాపారి శామ్యూల్ ఇన్సల్ చేజిక్కించుకుని కొత్త పేరుతో నిలబెట్టాడు. 1919లో దాని రైళ్లు 'ఎల్' పట్టాల మీదుగా షికాగో నడిబొడ్డైన లూప్ వరకు వచ్చాయి. 1926లో మిషిగన్ సరస్సు తీరానికి పడమరగా, ఊళ్ల రద్దీని తప్పించుకుంటూ వేగంగా వెళ్లే స్కోకీ వ్యాలీ మార్గం పూర్తిగా తెరుచుకుంది. 1955లో పాత తీరమార్గం, 1963 జనవరి 21న మొత్తం సంస్థ మూతపడ్డాయి.

ఏ సంవత్సరాన్ని ఎంచుకోవాలి?

ఏదైనా సరే, ఒక్కటే ఎంచుకోండి. "నలభైలు, యాభైలు" అని వదిలేస్తే మార్గంలో ప్రతి పది కిలోమీటర్లకూ ఒక తప్పు దొర్లుతుంది. స్కోకీ అనే ఊరి పేరు 1940కి ముందు నైల్స్ సెంటర్. కనుక 1938 నాటి మార్గంలో స్కోకీ అని బోర్డు పెడితే అది తప్పే. విన్నెట్కాలో తీరమార్గపు పట్టాలను రోడ్ల స్థాయి నుంచి లోతైన కందకంలోకి దించే పని 1938లో మొదలై 1943లో ముగిసింది, అంటే 1936కీ 1946కీ ఆ ఊరి నేల ఆకారమే వేరు. 'ఎల్' మార్గాలు 1947 అక్టోబరులో సీటీఏ, అంటే షికాగో రవాణా సంస్థ, చేతికి వచ్చాయి. హోవర్డ్ నుంచి డెంప్‌స్టర్ వరకు నడిచిన 'ఎల్' లోకల్ సర్వీసు 1948 మార్చిలో ఆగిపోయింది.

నా తొలి ప్రయత్నంలో నేను 1948ని ఎంచుకుని, ఈనాటి ఉపగ్రహ చిత్రాన్ని కింద పరుచుకుని, దానిమీద కనిపించిన ఎడెన్స్ ఎక్స్‌ప్రెస్‌వేను ఎంతో శ్రద్ధగా, వంతెనలతో సహా నిర్మించాను. అది తెరుచుకున్నది 1951 డిసెంబరులో. నార్త్ షోర్ ప్రయాణికులను లాగేసుకున్న ఆ రోడ్డును మూడేళ్లు ముందుగానే నా చేతులతో వేసినందుకు ఇప్పటికీ నవ్వు వస్తుంది.

రెండు మార్గాలూ కావాలనుకునేవారికి 1941 నుంచి 1955 లోపు ఏ ఏడాదైనా సరిపోతుంది. స్కోకీ వ్యాలీ ఒక్కటే చాలనుకునేవారు 1955 తరువాతి కాలాన్ని తీసుకుంటే పని సగానికి తగ్గుతుంది.

మొత్తం 140 కిలోమీటర్లూ కట్టాలా?

వద్దు. హోవర్డ్ స్ట్రీట్ నుంచి డెంప్‌స్టర్ స్ట్రీట్ వరకు, సుమారు 8 కిలోమీటర్లతో మొదలుపెట్టండి. ట్రెయిన్జ్ అనే సిమ్యులేటర్‌లో ఒక బేస్‌బోర్డు, అంటే ఒక నేల పలక, 720 మీటర్లు గనుక ఇది పొడవునా పన్నెండు బోర్డులకు మించదు. ఇంత చిన్న భాగంలోనే 'ఎల్' జంక్షన్, నార్త్ షోర్ కాలువపై వంతెన, నేలను తొలిచిన కోత, లెవెల్ క్రాసింగులు, వర్క్‌షాపు అన్నీ ఉన్నాయి. ఇది నచ్చేలా కుదిరితే ఉత్తరంగా సాగండి. కుదరకపోతే కనీసం పూర్తయిన మార్గం ఒకటి చేతిలో ఉంటుంది.

ఏ సిమ్యులేటర్ మంచిది?

నేను ట్రెయిన్జ్ వాడతాను. పట్టాలను తీగలాగా వంచుకోగల పద్ధతి ఇంటర్అర్బన్ మలుపులకు బాగా అనుకూలిస్తుంది. మార్గాన్ని, అందులో నడిపే సెషన్‌ను వేరువేరుగా దాచుకోవచ్చు. అయితే పైన తీగ ఉన్నా లేకపోయినా ట్రెయిన్జ్‌లో విద్యుత్ బండి నడుస్తుంది, కాబట్టి తీగ విషయంలో క్రమశిక్షణ మనదే.

ఓపెన్ రెయిల్స్ ఉచితం, భౌతిక సూత్రాల విషయంలో మరింత కచ్చితం. కాని 2001 నాటి మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం మార్గం విద్యుదీకరించినదని ఫైలులో రాస్తే, పైతీగను దానంతటదే పట్టాల వెంట గీస్తుంది. థర్డ్ రైల్ (పట్టాల పక్కన కరెంటు అందించే మూడో పట్టా) ఉన్న 'ఎల్' భాగంలోనూ తీగ ప్రత్యక్షమవుతుంది! అందుచేత ఆ సదుపాయాన్ని ఆపివేసి, తీగలను వస్తువులుగా విడిగా పెట్టుకోవడం మేలు. అదే ఫైలులో వోల్టేజీ అంకె చాలా మార్గాలలో 25000 అని ఉంటుంది. దాన్ని 600కి మార్చడం మరచిపోకండి.

నేల ఎత్తుల సమాచారం ఎక్కడిది? దానిని నమ్మవచ్చా?

అమెరికా భూగర్భ సర్వే సంస్థ, అంటే యూఎస్‌జీఎస్, ఎత్తుల సమాచారాన్ని ఉచితంగా ఇస్తుంది. దాదాపు 10 మీటర్ల అంతరంతో ఉన్నది ఈ పనికి చాలు. ట్రాన్స్‌డెమ్ వంటి సాధనంతో దానిని ట్రెయిన్జ్ నేలగా మార్చుకోవచ్చు. ఈ ప్రాంతమంతా యూటీఎం అనే పటాల కొలత పద్ధతిలో 16వ మండలంలోకి వస్తుంది. సరిగా దిగిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష మిషిగన్ సరస్సు. దాని నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 176 మీటర్ల ఎత్తున ఉంటుంది. మీ సరస్సు సున్నా దగ్గర ఉంటే ఎక్కడో అంకె తప్పింది.

పూర్తిగా మాత్రం నమ్మకూడదు. అది ఈనాటి నేల. ఎక్స్‌ప్రెస్‌వే కట్టలు, తరువాత తవ్విన చెరువులు, చదును చేసిన షాపింగ్ స్థలాలు అన్నీ అందులో ఉంటాయి. పాత రైలుకట్ట చాలాచోట్ల చెరిగిపోయి ఉంటుంది. నేలను దించుకున్న తరువాత పాత పటంలోని కాంటూరు గీతలతో పోల్చి చేత్తో సరిదిద్దుకోవలసిందే. అదృష్టవశాత్తూ ఈ ప్రాంతం ఎక్కువగా చదునే. తీరమార్గంలో హైలాండ్ పార్క్, లేక్ ఫారెస్ట్ పరిసరాలలో సరస్సువైపు తెరుచుకునే లోతైన వాగులు మాత్రం శ్రమ పెడతాయి.

పాత పటాలు, ఫొటోలు ఎలా దొరుకుతాయి?

ఇంట్లో కూర్చునే చాలావరకు సంపాదించవచ్చు. యూఎస్‌జీఎస్ తన పాత భౌగోళిక పటాలన్నిటినీ స్కాన్ చేసి పెట్టింది. ఇల్లినాయ్ భాగానికి 1930ల చివర తీసిన విమాన ఛాయాచిత్రాలను ఆ రాష్ట్ర భూగర్భ సర్వే, విస్కాన్సిన్ భాగానికి అదే కాలపు చిత్రాలను ఆ రాష్ట్ర సంస్థలు ఉచితంగా చూపిస్తున్నాయి. ఒక్కో లెవెల్ క్రాసింగ్ దగ్గర ఎన్ని పట్టాలు, ఏ వైపు సైడింగ్, ఎక్కడ చెట్లు అన్నది వీటిలో కనిపిస్తుంది. ఊళ్లలోని భవనాలకు సాన్‌బోర్న్ అగ్నిప్రమాద బీమా పటాలను మించినవి లేవు. ప్రతి కట్టడం ఇటుకదా, చెక్కదా, ఎన్ని అంతస్తులు అన్నది రంగులు, అంకెలతో అందులో గుర్తించి ఉంటుంది. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఇవి విస్తారంగా ఉన్నాయి.

ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త. రైలు ప్రియులు రైలును ఫొటో తీస్తారు గాని దాని వెనక ఉన్న వీధిని కాదు. మనకు కావలసినది ఎక్కువగా ఫొటో అంచులలోనే దొరుకుతుంది.

600 వోల్టుల డీసీ అంటే మార్గ నిర్మాణంలో తేడా ఏమిటి?

చాలా తేడా. మన రైల్వేలో 25 కిలోవోల్టుల ఏసీ ఉంటుంది. అంత వోల్టేజీ వల్ల అదే శక్తికి కావలసిన కరెంటు తక్కువ, తీగలో నష్టం తక్కువ, సబ్‌స్టేషన్లు కొన్ని పదుల కిలోమీటర్లకు ఒకటి ఉన్నా సరిపోతాయి. 600 వోల్టుల డీసీలో అదే శక్తికి కరెంటు నలభై రెట్లు కావాలి. తీగలో వోల్టేజీ త్వరగా పడిపోతుంది కనుక కొద్ది కిలోమీటర్లకే మరో సబ్‌స్టేషన్ అవసరమవుతుంది, ట్రాలీ తీగకు (బండికి కరెంటు అందించే పైతీగకు) తోడుగా స్తంభాల మీద లావుపాటి ఫీడర్ తీగలు సాగుతాయి. ఇటుకతో కట్టి, పొడుగాటి కిటికీలతో, లోపల ఏసీని డీసీగా మార్చే తిరుగుడు యంత్రాలతో ఉన్న ఆ సబ్‌స్టేషన్లు లేని ఇంటర్అర్బన్ మార్గం చూడగానే అబద్ధమనిపిస్తుంది. కొత్తవారు వాటిని వదిలేయడమే నేను ఎక్కువగా చూసిన లోపం.

స్కోకీ వ్యాలీ మార్గానికి మరో విశేషం ఉంది. ఇన్సల్‌కు విద్యుత్ కంపెనీలు ఉండటంతో రైలుమార్గం పక్కనే హై వోల్టేజీ లైన్లు కూడా సాగాయి. పెద్ద పెద్ద ఇనుప టవర్లు ఆ దృశ్యంలో భాగమే గనుక వాటిని ఈనాటివని పొరబడి తీసేయకండి.

ట్రాలీ తీగను ఎలా వేయాలి?

పాంటోగ్రాఫ్ (బండి కప్పు మీద లేచి తీగను కింది నుంచి ఆనుకునే చట్రం) వాడే మార్గాల అలవాటు ఇక్కడ పనికిరాదు. పాంటోగ్రాఫ్ పళ్లెం ఒకేచోట అరగకుండా తీగను అటూఇటూ వంకరగా వేస్తారు. ట్రాలీ పోల్ అనే పొడుగాటి కడ్డీ చివరనున్న చక్రం లేదా బూటు తీగను పట్టుకుని దాని వెంటే వెళుతుంది కాబట్టి ఆ వంకర అవసరం లేదు, తిన్నని దారిలో తీగ పట్టాల నడిమికి నేరుగా పైన ఉంటుంది. కలకత్తా ట్రాములను చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది.

మలుపుల్లో తీగ నడిమి నుంచి లోపలి వైపుకు కొద్దిగా జరుగుతుంది, ఎందుకంటే పోల్ బండి మధ్య నుంచి వెనక్కు వాలి ఉంటుంది. పైగా తీగ నిజంగా వంగదు. లాగుడు తీగలు పట్టుకున్న ప్రతి చోటా చిన్న కోణం చేస్తూ ముక్కలు ముక్కలుగా తిరుగుతుంది. సిమ్యులేటర్‌లో తీగను నున్నగా వంచడం కంటే చిన్న చిన్న తిన్నని ముక్కలుగా వేయడమే వాస్తవానికి దగ్గర. పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు చీలే చోట, తీగలో కూడా ఒక చీలిక ముక్క ఉంటుంది. అది పాయింటు మొనకు సరిగ్గా పైన కాకుండా, మొన దాటాక చీలిక వైపు కొంచెం ముందుకు వస్తుంది. ఎత్తు పట్టాల నుంచి సాధారణంగా 18 నుంచి 22 అడుగుల మధ్య.

పాత తీరమార్గంలో ఒంటి ట్రాలీ తీగే ఉండేది. వేగం కోసం కట్టిన స్కోకీ వ్యాలీలో పైన మరో తీగతో వేలాడదీసిన కేటెనరీ ఉండేది. ఈ రెండింటికీ ఒకే వస్తువును వాడితే ఆ మార్గాలకున్న తేడా మాయమవుతుంది.

'ఎల్' మీద తీగ లేదు కదా, అక్కడ ఏం చేయాలి?

లూప్ పరిసరాలలో కరెంటు థర్డ్ రైల్ నుంచి వస్తుంది. పెట్టె పక్కనుండే బూటు ఆ పట్టా మీద జారుతుంది. తీగ మొదలయ్యే చోట ట్రాలీ పోల్ ఎత్తాలి. సెషన్‌లో ఆ చోటును ఒక గుర్తుతో చూపించి, నడిపేవారు పోల్ ఎత్తే మీటను నొక్కేలా చేస్తే అనుభూతి బాగుంటుంది. లెవెల్ క్రాసింగుల దగ్గర, పాయింట్ల దగ్గర థర్డ్ రైల్ తెగి, చివరలు కిందికి వాలి ఉంటాయి. రోడ్డు దాటే చోట కూడా దానిని పొరపాటున అఖండంగా వేసిన సిమ్యులేటర్ మార్గాలు చాలా ఉన్నాయి.

మిల్వాకీ వీధులలో పట్టాలు వేయడం ఎందుకంత కష్టం?

వీధిలో పట్టా రోడ్డు ఉపరితలంతో సమంగా ఉండాలి. రోడ్డు, నేల, పట్టా మూడూ ఒకే ఎత్తున ఉంటే తెరమీద మిణుకుమిణుకుమంటాయి. నేలను ఒక అరడుగు దించి, పట్టాతో కలిసిన రోడ్డు వస్తువును వాడటం నాకు కుదిరిన పద్ధతి. మలుపుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. లూప్‌లో 90 అడుగుల వ్యాసార్థం, అంటే దాదాపు 27 మీటర్ల మలుపులు ఉన్నాయి. సిమ్యులేటర్ ఇచ్చే సాధారణ పాయింట్లు వీటికి పనికిరావు, చేత్తో వంచుకోవాలి. వీధి భాగంలో బ్లాక్ సిగ్నళ్లు ఉంచకండి. మోటర్‌మన్ కంటితో చూసుకుంటూ, మోటారు కార్లతో పాటే నడుపుతాడు.

స్టేషన్లకు రెడీమేడ్ నమూనాలు సరిపోతాయా?

చిన్న ఆగే చోట్లకు సరిపోతాయి. స్కోకీ వ్యాలీలోని కొన్ని స్టేషన్లను మాత్రం ఆర్థర్ గెర్బర్ అనే వాస్తుశిల్పి స్పానిష్ తరహాలో రూపొందించాడు, వాటిని విడిగా చేయించుకోవాలి. మరో విషయం, 'ఎల్' ప్లాట్‌ఫారాలు ఎత్తుగా ఉంటాయి, శివార్లలో నేలమట్టంగా ఉంటాయి. పెట్టె తలుపు దగ్గర మెట్లను కప్పే పలకను తెరిచి ప్రయాణికులను దించేవారు.

ఎలక్ట్రోలైనర్ లేకపోతే మార్గానికి విలువ ఉంటుందా?

తప్పకుండా ఉంటుంది. సెయింట్ లూయిస్ కార్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రోలైనర్లు రెండే రెండు, 1941 ఫిబ్రవరిలో సేవలోకి వచ్చాయి. నాలుగు భాగాలు ఐదు ట్రక్కుల మీద కలిసి కూర్చునే ఆ రైలు లూప్ ఇరుకు మలుపులనూ తిరిగేది, తిన్నని దారిలో గంటకు 80 మైళ్లు దాటి పరుగెత్తేది. ట్రక్కు అంటే అమెరికా భాషలో చక్రాల చట్రం. మనం పెట్టె అనే అర్థంలో వాడే బోగీకి అసలు అర్థం కూడా అదే. అంత అందమైన రైలును ఎవరైనా ముందు కోరుకుంటారు, కాని రోజువారీ బరువు మోసింది 1910లు, 1920లలో కట్టిన ఉక్కు పెట్టెలే. ముందు వాటితో మార్గాన్ని పరీక్షించండి.

నడిపేటప్పుడు బండి మరీ చురుగ్గా కదులుతోంది. ఎందుకు?

ఆధునిక బండి లక్షణాల ఫైలును వాడి ఉంటారు. పాత కంట్రోలర్‌లో మొదటి మెట్లలో మోటార్లు రెండేసి వరుసగా కలిసి ఉంటాయి, ఒక్కోదానికి 300 వోల్టులే అందుతాయి. తరువాతి మెట్లలో అవి సమాంతరంగా మారి ఒక్కోదానికి పూర్తి 600 వోల్టులు వస్తాయి. మధ్య మెట్లలో విద్యుత్ శక్తిలో కొంత నిరోధకాలలో వేడిగా వృథా అవుతుంది కనుక అక్కడ ఎక్కువసేపు నిలపకూడదు. నిలకడగా నడపదగినవి రెండే, పూర్తి సిరీస్, పూర్తి సమాంతరం. లక్షణాల ఫైలులో ఈ రెండు మెట్టులు స్పష్టంగా కనబడేలా లాగుడు బలాన్ని దిద్దితే బండి తీరే మారిపోతుంది. గేర్ల రొద కూడా వేగంతో పాటు స్వరం పెంచుకుంటూ పోవాలి. డీజిల్ చప్పుడు పెట్టి వదిలేసిన బండిని ఐదు నిమిషాలకు మించి నడపలేం.

భారతీయ వస్తువులు వాడవచ్చా?

పట్టాలు వద్దు. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, అక్కడిది 1435. వేప, తాడి, కొబ్బరి చెట్లూ వద్దు. ఆనాటి ఆ ఊళ్ల వీధులకు గొడుగు పట్టినవి ఎల్మ్ చెట్లు. తరువాత డచ్ ఎల్మ్ తెగులుకు చాలావరకు పోయాయి. వాటితో పాటు ఓక్, మేపుల్ పెట్టండి.

కంప్యూటర్ నెమ్మదించిపోతోంది.

దోషం సాధారణంగా తీగలదీ చెట్లదీ. ప్రతి స్తంభాన్నీ వేరు వస్తువుగా కాకుండా, స్తంభంతో కలిసిన తీగను వాడండి. రైలు నుంచి కనిపించని ఇళ్లను తీసేయండి. 'ఎల్' ఉక్కు కట్టడంలోని రివెట్లను చిత్రంగా గీస్తే చాలు, ఆకారంగా చెక్కనవసరం లేదు.

ఇతరుల వస్తువులతో చేసిన మార్గాన్ని పంచుకోవచ్చా?

ప్రతి వస్తువుకూ దాని కర్త పెట్టిన షరతులు చదవాలి. మార్గంతో పాటు వస్తువులను కట్టకట్టి ఇవ్వడం కంటే, వాటి గుర్తింపు సంఖ్యల జాబితా ఇచ్చి ఎవరికి వారు దించుకోమనడం మర్యాద. పాత ఫొటోను ఉపరితల చిత్రంగా వాడితే దానికీ అనుమతి తీసుకోవాలి.

ఇప్పుడు ఆ చోట చూడటానికి ఏమైనా మిగిలిందా?

మిగిలింది. షికాగో పరిసరాలలో తెలుగువారు చాలామందే ఉన్నారు. అక్కడ ఉండేవారు హోవర్డ్‌లో సీటీఏ ఎల్లో లైన్ ఎక్కితే, నార్త్ షోర్ మూతపడిన ఏడాదికి, 1964 ఏప్రిల్‌లో, స్కోకీ స్విఫ్ట్ పేరుతో మళ్లీ మొదలైన ఆ తొలి 8 కిలోమీటర్ల దారినే ప్రయాణిస్తారు. డెంప్‌స్టర్‌లోని గెర్బర్ స్టేషన్ భవనం నిలిచే ఉంది. తీరమార్గంలో కొంత భాగం ఇప్పుడు గ్రీన్ బే ట్రెయిల్ అనే సైకిల్ బాట. ఎలక్ట్రోలైనర్లలో ఒకటి యూనియన్ అనే ఊళ్లోని ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంలో, రెండోది పెన్సిల్వేనియాలోని రాక్‌హిల్ ట్రాలీ మ్యూజియంలో ఉన్నాయి. వెళ్లేవారు టేపు ఒకటి వెంట తీసుకువెళ్లి, అనుమతి అడిగి, మెట్ల ఎత్తు, కిటికీల వెడల్పు కొలిచి తెచ్చుకుంటే నమూనా చేసేవారికి ఎంతో పనికొస్తుంది.